పైన ఏమీ రాయని కాగితం

బోర్డు మీద రెండో వాక్యం చదవగానే దశరథ్‌కు అనుమానం పుట్టింది.

మొదటి వాక్యం బాగానే ఉంది. 'ది ట్యాంక్ వాజ్ ఫిల్డ్' అని రాసి, చిన్న గీత గీసి, చివర 'వాటర్' అని రాసింది సిల్వియా మేడం. ఆ గీత మీద బై పెట్టాలా విత్ పెట్టాలా అన్నది ప్రశ్న. ట్యాంకు నీళ్లతో నిండితే ఎవరికి నష్టం? రెండోది అట్లా కాదు. 'ది స్టీమ్ వాల్వ్ వాజ్ ఓపెన్డ్', మళ్లీ గీత, చివర 'ది ఆపరేటర్'. స్టీమ్ వాల్వ్‌ను ఆపరేటర్ తెరిచాడట. సరిగ్గా నాలుగు రోజుల కింద, గురువారం పగటి షిఫ్టులో, మూడో రియాక్టర్ దగ్గర ఆ వాల్వే తెరిచి ఆపరేటర్ యాదన్న కుడిచెయ్యి మోచేతి దాకా కాల్చుకున్నాడు. ఇంగ్లిష్‌లో వాక్యాలకు అంత కరువొచ్చిందా, వెతికి వెతికి దీన్నే తెచ్చింది ఈమె?

ఇస్నాపూర్ దాటి లోపలికి పోతే వచ్చే మందుల కంపెనీ అది. క్యాంటీన్ మీద ఉన్న ట్రైనింగ్ హాల్లో పన్నెండు మంది కాంట్రాక్టు వాళ్లు కూర్చున్నారు. పొద్దున ఆరింటికి ఎక్కిన షిఫ్టు రెండింటికి దిగి, అన్నం తినీ తినగానే పైకి వచ్చినవాళ్లు కావడంతో సగం మంది కళ్లు మూతలు పడుతున్నాయి. రెండు వారాలు ఇంగ్లిష్ క్లాసు, ఆపైన పరీక్ష, అందులో నెగ్గిన ఇద్దరికి పర్మనెంట్ అని ఎచ్చార్ ఆఫీసర్ ప్రవీణ్‌కుమార్ పొద్దునే చెప్పాడు. ఎనిమిదేళ్లుగా కాంట్రాక్టు కార్డు మెడలో వేసుకుని తిరుగుతున్న దశరథ్‌కు ఆ మాట చెవిలో తేనె పోసినట్టే ఉండాలి. కానీ మనిషి ఆస్పత్రిలో పడిన నాలుగో రోజునే కంపెనీకి మన చదువు మీద ఇంత ప్రేమ ఎందుకు పుట్టిందో అతనికి అంతుబట్టలేదు.

"పని చేసిన మనిషి ముందు బై పెడతాం. పనికి వాడిన వస్తువు ముందు విత్ పెడతాం" అంటోంది మేడం. బీరంగూడలో ట్యూషన్లు చెప్పుకునే మనిషి, ముప్పై లోపు ఉంటుంది. సన్నటి గొంతు. "తలుపు వాచ్‌మన్ చేత తెరవబడింది, అక్కడ బై. తాళంచెవితో తెరవబడింది, అక్కడ విత్. అర్థమైందా?"

ప్యాకింగ్‌లో పనిచేసే నిషిత చెయ్యి లేపింది. "మేడం, మా దిక్కు ఎవలు గిట్ల మాట్లాడరు. తెరవబడుడేంది? తెరిచిండంటే అయిపాయె గద."

అందరూ నవ్వారు. మేడం కూడా నవ్వింది. "మాట్లాడటానికి కాదమ్మా, రిపోర్టు రాయడానికి. రిపోర్టులో పని ముందొస్తుంది, మనిషి తర్వాత వస్తాడు. మనిషి పేరు అసలు రాయకపోయినా వాక్యం నిలబడుతుంది."

"మనిషి పేరు ఎప్పుడు రాయాలె, ఎప్పుడు రాయొద్దు మేడం?" అని దశరథ్ అడిగాడు.

"అది రాసేవాళ్ల ఇష్టం."

"గదే అడుగుతున్న" అని లోపల్లోపలే గొణుక్కున్నాడు.

ఆ సమయానికే ప్రవీణ్‌కుమార్ హాజరు కాగితం పట్టుకుని లోపలికి వచ్చాడు. పన్నెండు పేర్లూ వరుసగా అచ్చువేసి ఉన్నాయి, పక్కన గళ్లు గీసి ఉన్నాయి. పైన శీర్షిక ఉండాల్సిన చోట ఏమీ లేదు. అతను ఏదో చెప్తూ కాగితాన్ని మొదటి బెంచీకి ఇచ్చి, గోడవార నిలబడి ఫోనుతో ఫొటోలు తీశాడు. బోర్డు, బోర్డు ముందు మేడం, ఆమె ముందు వీళ్లందరూ. దశరథ్ కళ్లు బోర్డు మీద ఉన్న ఆ రెండో వాక్యాన్ని వదల్లేదు. కాగితం చేతికొచ్చింది. సంతకం పెట్టి, కింద ఆనాటి తేదీ వేసి వెనక్కి అందించాడు. ప్లాంటులో తేదీ లేని సంతకం సంతకమే కాదు. ఎనిమిదేళ్లుగా రోజుకు ముప్పై నలభై చోట్ల సంతకమూ తేదీ వేసి వేసి, ఇంట్లో కూతురి ప్రోగ్రెస్ కార్డు మీద కూడా తేదీ వేస్తే, అతని భార్య రవళి పక్కింటివాళ్లకు చెప్పి మరీ నవ్వింది.

మర్నాడు అనుమానం ఇంకో మెట్టెక్కింది.

ఆ రోజు బై కాకుండా వేరే మాటలొచ్చే సందర్భాలు చెప్పింది మేడం. ఒకరికి తెలిసిన సంగతి అయితే 'నోన్ టు'. దుమ్ముతో కప్పుకుపోయిందంటే 'కవర్డ్ విత్'. ఆశ్చర్యపోయాడంటే 'సర్‌ప్రైజ్డ్ ఎట్'. ఎందుకట్లా అంటే ఎందుకూ లేదు, నోటికి రావాలంతే అంది. తర్వాత ఒక్కొక్కరికీ ఒక కాగితం ఇచ్చి పదేసి ఖాళీలు నింపమంది. ఆ పదింట్లో ఆరు స్టీమ్ గురించీ, వాల్వ్ గురించీ, తొడుక్కోవాల్సిన గ్లౌజుల గురించే. నింపినవాటిని పోగుచేసుకుని, కిటికీ దగ్గర నిలబడి ఒక్కొక్కదాన్నీ ఫోనుతో ఫొటో తీసుకుంది.

"ఆమె ఎందుకు తీస్తున్నది ఫొటోలు?" అన్నాడు దశరథ్ మెట్లు దిగుతూ.

"ఇంటికాడ దిద్దుతదేమో" అంది నిషిత. "నీకు అన్నిట్ల అనుమానమే అన్నా. పరీక్ష మీద పెట్టు దిమాగ్."

"వాల్వ్ ముచ్చట ఆమెకెట్ల తెలుసు?"

నిషిత ఒక మెట్టు మీద ఆగింది. "శనివారం ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ వస్తున్నడట" అని మెల్లగా చెప్పి, ఇంకేమీ మాట్లాడకుండా దిగిపోయింది.

దశరథ్ భయం ఇది. గురువారం నాడు అతను రెండో రియాక్టర్ దగ్గర ఉన్నాడు. "బ్యాచ్ లేటైతున్నది, ఫిట్టర్ కోసం సూడకు యాదన్నా, నువ్వే తియ్యి" అని సూపర్‌వైజర్ శ్రీశైలం పై అంతస్తు నుంచి అరవడం చెవులారా విన్నాడు. ఆ వాల్వ్ పెట్టి నెల కాలేదు. దాన్ని ఎట్లా తిప్పాలో యాదన్నకు ఎవరూ చూపించలేదు. ఇప్పుడు శ్రీశైలం తాను అసలేమీ అనలేదంటున్నాడు. తప్పు యాదన్నదేనని తేలితే పద్నాలుగేళ్ల నౌకరీ ఊడుతుంది. యాభై రెండేళ్ల వయసులో, కాలిన చేత్తో, అతన్ని ఇంకో గేటు లోపలికి ఎవరూ రానివ్వరు. విన్నది విన్నట్టు దశరథ్ చెప్తే తన పర్మనెంట్ ఆశ అక్కడితో సరి. అందుకే ఎవరూ అడక్కుండా ఉంటే చాలని ఆనాటి నుంచి తల దించుకుని తిరుగుతున్నాడు. అడగాల్సిన మాటను ఇంగ్లిష్ క్లాసులో ఖాళీల కింద పెట్టి, తమ చేతనే రాయించి, సంతకాలతో సహా పట్టుకుపోతున్నారేమోనని అతనికి అనిపించింది. అనిపించాక ఆగలేదు. రాత ఎవరిదో గుర్తుపట్టకూడదని మూడో రోజు కాగితం మీద ఖాళీలన్నీ వంకరటింకర అక్షరాలతో నింపాడు. పదింట్లో తొమ్మిది కరెక్టని మేడం అక్కడికక్కడే మెచ్చుకుంటే ఒళ్లు మండింది.

అంతకు ముందు, మంగళవారం సాయంత్రం యాదన్న గదికి వెళ్లి చూసి వచ్చాడు. ఇస్నాపూర్‌లోనే, రెండు గల్లీల అవతల. కంపెనీ కారులోనే ఇంటికి పంపించారట. మోచేతి దాకా తెల్లటి కట్టు, ఆ చేతి కింద దిండు. భార్య మల్లవ్వ పెరుగన్నం ముద్దలు చేసి నోట్లో పెడుతోంది. చిన్నపిల్లాడిలా తినిపించుకోవడం సిగ్గనిపించి కాబోలు, దశరథ్‌ను చూడగానే యాదన్న మొహం గోడకు తిప్పుకున్నాడు.

"ప్రవీణ్ సారు వచ్చి మంచిగ మాట్లాడిండు" అన్నాడు అటు తిరిగే. "నా నౌకరికి ఏం కాదన్నడు."

"ఇంకేమన్నడు?"

"ఎవలతోని ఎక్కువ మాట్లాడొద్దన్నడు."

ఆ ఎక్కువ మాట్లాడకూడనివాళ్లలో తానూ ఉన్నాడని దశరథ్‌కు అర్థమైంది. కాసేపు కూర్చుని లేచి వచ్చేశాడు.

బుధవారం క్లాసు అయ్యాక మెట్ల కింద ప్రవీణ్‌కుమార్, మేడం మాట్లాడుకుంటూ కనిపించారు. ఆఫీసర్ చేతిలో ఏదో కాగితం ఉంది. దశరథ్ అడుగుల చప్పుడుకు ఇద్దరూ ఒక్కసారే ఆగిపోయారు. అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? గేటు బయట బండి తీసి, నేరుగా ఇస్నాపూర్ చౌరస్తాకు పోయి నిలబడ్డాడు. పావుగంటకు మేడం కంపెనీ వ్యానులోంచి దిగి, పటాన్‌చెరు వైపు వెళ్లే ఆటోల కోసం రోడ్డు పక్కన నిలుచుంది. భుజాన సంచి, చేతిలో వీళ్ల కాగితాలున్న ప్లాస్టిక్ ఫైలు. దశరథ్ కళ్లు ముందు ఆ ఫైలు మీదే పడ్డాయి.

"మేడం, ఒక మాట" అన్నాడు దగ్గరికి పోయి. "మీరు బోర్డు మీద రాస్తరు గద, వాల్వ్ మాటలు. గవి మీకు ఎవరిచ్చిండ్రు?"

ఆమె ఉలిక్కిపడి చూసింది. ఫైలును ఛాతీకి హత్తుకుంది. "ఎందుకు అడుగుతున్నారు?"

"ఊకెనే."

"ఆఫీసువాళ్లు అడగమన్నారా మిమ్మల్ని?"

దశరథ్ ఒక అడుగు వెనక్కి వేశాడు. తాను ఆమెను నిలదీయడానికి వచ్చాడు. ఆమె కళ్లల్లో ఉన్నది కూడా అచ్చంగా అదే అనుమానం.

"నేను చెప్పాల్సింది సార్‌కే చెప్పేశాను" అంది మేడం. "మీరు నా వెంట రావాల్సిన పని లేదు." ఆగిన ఆటో ఎక్కి, ముగ్గురు ఆడవాళ్ల మధ్య ఇరుక్కుని కూర్చుంది. ఆటో కదిలాక కూడా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది.

ఆ మాటను దశరథ్ తన అనుమానానికే జమ కట్టాడు. సార్‌కు చెప్పేసిందట. ఏం చెప్పింది? ఎవరి పేరు చెప్పింది? ఆ సాయంత్రం రవళి వడ్డించిన అన్నం అట్లాగే వదిలేసి లేచాడు.

గురువారం క్లాసు లేదు. మేడం ఇక రారని క్యాంటీన్ నోటీసు బోర్డు మీద రాసి ఉంది, ఎందుకో రాయలేదు. రెండింటికి షిఫ్టు దిగగానే ఎచ్చార్ ఆఫీసు నుంచి కబురొచ్చింది. వరండాలో నిషిత ఎదురైంది. ఎప్పుడూ లేనిది, తల ఎత్తకుండా పక్కనుంచి పోబోయింది.

"ఏందమ్మా?"

"నేను పెట్టిన అన్నా. నాకిద్దరు పిల్లలున్నరు." అంతే చెప్పి వెళ్లిపోయింది.

లోపల ప్రవీణ్‌కుమార్ కుర్చీ చూపించాడు. ఎనిమిదేళ్లలో ఆ గదిలో దశరథ్‌ను కూర్చోమన్నది అదే మొదలు.

"సోమవారం నాడు తేదీలు వెయ్యొద్దు, ఉత్త సంతకాలు పెట్టండి అన్నాను కదా దశరథ్. పన్నెండు మందిలో నువ్వొక్కడివే వేశావు. ఎక్కడుంది నీ ధ్యాస?" గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నీ ఒక్కడి వల్ల కాగితం పాడై, అందరితో మళ్లీ పెట్టించాల్సి వచ్చింది. ఇదిగో, ఇక్కడ."

కొత్త కాగితం ముందుకు జరిపాడు. దీని మీద శీర్షిక ఉంది. దశరథ్ కూడబలుక్కుని చదివాడు. 'ట్రైనింగ్ ఆన్ స్టీమ్ వాల్వ్ ఆపరేషన్'. కింద తేదీ అచ్చువేసి ఉంది, ఈ నెల మూడో తారీఖు. యాదన్న చెయ్యి కాలింది పదమూడున.

అన్నీ ఎక్కడివక్కడ సర్దుకుని కూర్చున్నాయి. వాల్వ్ వాక్యాలున్న బోర్డు ఫొటోలో ఉంది. దాని ముందు మేడం ఉంది. ఆమె ముందు బుద్ధిగా నేర్చుకుంటున్న జనం ఉన్నారు. ఇక ఈ కాగితం ఒక్కటి ఉంటే, ప్రమాదానికి పది రోజుల ముందే కంపెనీ అందరికీ వాల్వ్ తిప్పడం నేర్పించేసినట్టు. ఇన్‌స్పెక్టర్ రావచ్చు, చూసుకోవచ్చు. పదకొండు సంతకాలు పడ్డాయి. అడుగున పదమూడో గడి కొత్తగా కలిపారు. అందులో యాదన్న పేరు, పక్కన ఎడమచేత్తో గీసిన నాలుగు వంకర గీతలు. అతని సంతకమే. నేర్పించినా చెయ్యి కాల్చుకున్నాడంటే ఇక తప్పు ఎవరిదవుతుంది?

ఈ నాలుగు రోజులూ తాను బోర్డును అనుమానించాడు, మేడాన్ని అనుమానించాడు, తన అక్షరాలను దాచుకున్నాడు. చేతికిచ్చిన కాగితం పైన ఖాళీ ఎందుకుందని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. దశరథ్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది.

"పెన్ను లేదా?" అని ప్రవీణ్‌కుమార్ తన పెన్ను తీసి ఇచ్చాడు.

పెన్ను పట్టుకుని మళ్లీ పైకి చూశాడు. ట్రైనర్ అని ఉన్నచోట సిల్వియా పేరు అచ్చులో ఉంది. పక్కన గడి ఖాళీగా ఉంది.

"మేడం పెట్టలే?"

"పెడుతుంది. ఆమె సంగతి నేను చూసుకుంటాను."

"ఇయ్యాల క్లాసుకెందుకు రాలే సార్?"

ప్రవీణ్‌కుమార్ ఏసీ రిమోట్ తీసుకుని ఒకటి రెండుసార్లు నొక్కాడు. "బయటివాళ్లతో ఇదే తలనొప్పి. నేను ఇంగ్లిష్ చెప్పాను, వాల్వ్ చెప్పలేదు అంటుంది. మనమిచ్చిన పుస్తకంలోంచే కదా చెప్పింది? ఇంకొకర్ని చూస్తాంలే. నువ్వు పెట్టు."

రోడ్డు పక్కన ఫైలును హత్తుకుని నిలబడ్డ మేడం దశరథ్ కళ్లముందు కదిలింది. చెప్పాల్సింది సార్‌కే చెప్పేశానంది. నాలుగు ట్యూషన్లు చెప్పుకునే పిల్ల, ఈ గదిలోనే, బహుశా ఈ కుర్చీలోనే కూర్చుని పెట్టనని చెప్పి ఉంటుంది. ఆమె వెంట ఆఫీసు మనిషిలా పడి భయపెట్టింది తాను.

పెన్ను టేబుల్ మీద పెట్టాడు. "నేర్పినోళ్లు ముందు పెట్టాలె, నేర్సుకున్నోళ్లు ఎనుక పెట్టాలె. రూల్ మీరే చెప్పిండ్రు సార్. మేడం పెట్టినంక పెడత."

"పర్మనెంట్ లిస్టు సోమవారం పోతుంది, దశరథ్."

"ఎరుకే సార్."

"యాదయ్యే పెట్టాడు. నీకేంటి బాధ?"

దశరథ్ కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడ్డాడు. ప్రవీణ్‌కుమార్ కాగితం తనవైపు లాక్కున్నాడు. "రేపటి నుంచి డ్రమ్ముల యార్డులో రిపోర్టు చెయ్యి" అన్నాడు. డ్రమ్ముల యార్డంటే ఎండలో ఖాళీ డ్రమ్ములు కడగడం. ఎనిమిదేళ్ల కింద దశరథ్ మొదలుపెట్టిన పని అదే.

బండిని నేరుగా యాదన్న గదికి తోలాడు. కబురు తనకన్నా ముందే చేరింది. ఎవరు ఫోను చేశారో, యాదన్న మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు, మొహం ఎర్రబడి ఉంది.

"అందరు పెట్టిండ్రు, నువ్వొక్కడివి పెట్టలేదట" అన్నాడు. "నా నౌకరి తీపిస్తవా?"

"నీ కోసమే పెట్టలే అన్నా."

"నా కోసమా? కాగితం మంచిగ కుదురుతె నన్ను స్టోర్ల కూసోబెడుతమని సారు మాటిచ్చిండు. నువ్వు దాన్ని చెడగొడితివి. ఆ ఇంగ్లిష్ పంతులమ్మ గూడ పెట్టలేదట. నిన్న చౌరస్తల ఇద్దరు నిలబడి మాట్లాడుకున్నరట. ఏం మతలబు పెట్టుకున్నరు మీరిద్దరు?"

దశరథ్ గుమ్మంలోనే చతికిలబడ్డాడు. ఏమని చెప్పినా నమ్మేటట్టు లేడు. చేయని తప్పుకు అనుమానపు చూపు ఎట్లా తగులుతుందో అతనికి ఆ వారంలో మొదటిసారి తెలిసింది. నిన్న సాయంత్రం ఆ పిల్లకు తగిలింది కూడా ఇదే.

"అనుమానం పడు అన్నా, నిన్నేమనను" అన్నాడు. "మూడో తారీఖు నాడు నీకు వాల్వ్ నేర్పినమని రాసుకున్నరు ఆ కాగితంల. నేర్పిండ్రా నీకు?"

యాదన్న కట్టు కట్టిన చెయ్యిని దిండు మీద సర్దుకున్నాడు.

మల్లవ్వ అప్పటిదాకా పొయ్యి దగ్గర అటు తిరిగి కూర్చుని ఉంది. లేచి చెయ్యి కొంగుకు తుడుచుకుని, గోడకు తగిలించిన దవాఖాన సంచి దించింది. అందులోంచి మందుల చీటీల అడుగున ఉన్న కాగితం ఒకటి తీసి దశరథ్‌కు అందించింది. "మొన్న సారు వచ్చిన్నాడు ఇది గూడ పెట్టిచ్చుకున్నడు. దవాఖాన కాగితమన్నడు. ఒకటి మాకాడ ఇడిసిండు. అంత ఇంగిలీసే. నువ్వు నేర్సుకుంటున్నవంట గద, జెర సదువు."

"సదివేదేముంది, దవాఖానదే" అన్నాడు యాదన్న.

"సదవనియ్యి" అంది మల్లవ్వ.

కాగితం మీద నాలుగే వాక్యాలున్నాయి. దశరథ్ వేలు పెట్టి, ఒక్కో మాట దగ్గర ఆగుతూ చదివాడు. 'ది వాల్వ్ వాజ్ ఓపెన్డ్ బై మీ.' తర్వాతది ఇంకా పొడుగు, రెండుసార్లు చదవాల్సి వచ్చింది. కింద ఎడమచేతి వంకర గీతలు ఉన్నాయి. చదవడం అయ్యాక తల ఎత్తలేకపోయాడు.

"ఏమున్నది?" అంది మల్లవ్వ.

"వాల్వ్ నేనే తెరిచిన అని ఉన్నది వదినె. శిక్షణ ఇచ్చిండ్రు, సూపర్‌వైజర్ వద్దన్నడు, అయినా ఇనకుండ నా ఇష్టంతోని తెరిచిన, తప్పు నాదే అని ఉన్నది." ఇంకో వాక్యం మిగిలింది. దాని మీదికి వేలు జరిపాడు. "కంపెనీ ఏం నిర్ణయం తీసుకున్నా నాకు ఒప్పుదలే అని గూడ ఉన్నది."

పొయ్యి మీద చారు పొంగి మంట మీద పడినా మల్లవ్వ కదల్లేదు. యాదన్న తన ఎడమచేతిని ముందుకు చాపి, అరచెయ్యి చూసుకుని, మళ్లీ ఒళ్లో పెట్టుకున్నాడు.

"శ్రీశైలం వద్దనలే" అన్నాడు. "తియ్యమన్నడు."

"నేను ఇన్న అన్నా."

"ఇన్నవా?"

"ఇన్న. వారం నుంచి చెప్పలే. భయమైంది."

యాదన్న అతన్ని చూశాడు. ఆ చూపులో కోపం ఉందో, మరేముందో దశరథ్‌కు తెలియలేదు. ఇన్‌స్పెక్టర్ ఎన్నింటికి వస్తాడని యాదన్న అడిగాడు. శనివారం పదింటికట అని దశరథ్ చెప్పాడు.

"శనివారం నన్ను నీ బండి మీద తోల్కపో" అన్నాడు యాదన్న. "పట్టుకోనీకె ఒక్క చెయ్యే ఉన్నది, జెర మెల్లగ నడుపు."